‘నీకేమైతడు?’: అవీచీ మరణం, మన ఊళ్లలో అభిమానుల దుఃఖం

2018 ఏప్రిల్ 20 శుక్రవారం నాడు ఒమన్ రాజధాని మస్కట్‌లో టిమ్ బెర్గ్‌లింగ్ అనే స్వీడన్ యువకుడు చనిపోయాడు. వయసు 28. సంగీత ప్రపంచానికి అతను అవీచీ, డాన్స్ పాటలు కట్టే డీజే. మన దగ్గర ఆ వార్త బాగా పొద్దుపోయాక తెలిసింది. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో ఇంగ్లీషు పాటలు వినే కుర్రాళ్ల వాట్సాప్ స్టేటస్‌లలో అతని ఫొటోలు కనబడ్డాయి. హాస్టల్ గదుల్లో అతని పాటలే మోగాయి. ఇళ్లలో పెద్దవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. ‘‘ఎవడ్రా ఆ పిలగాడు? నీకేమైతడు?’’ అని అడిగారు. ఇప్పటికీ ఏటా ఏప్రిల్‌లో ఎవరో ఒకరి ఇంట్లో ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది.

చాలామంది పిల్లలు దీన్ని ఎగతాళి అనుకుని నొచ్చుకుంటారు. నాకు అలా అనిపించదు. మన ఊళ్లలో చావు దగ్గర మొట్టమొదట తేల్చేది చుట్టరికమే. పాలోళ్లకు ఎన్ని రోజుల అంటు, కొరివి ఎవరు పెట్టాలి, తల ఎవరు తీయించుకోవాలి, మూడోనాడు పిట్టకు ఎవరు పెట్టాలి, దినాల నాడు బట్టలు ఎవరు తేవాలి, ఇవన్నీ ‘ఏమైతడు’ అన్నదాన్ని బట్టే నడుస్తాయి. ఎవరు ఎంత ఏడవవచ్చో కూడా దాదాపు అలాగే తేలుతుంది. ఆ వరుసల్లో అభిమాని ఎక్కడా లేడు. అతను అంటు పాటించడు, సెలవు పెట్టడు, అతన్ని పలకరించడానికి ఎవరూ రారు. దుఃఖం ఉంటుంది కానీ కూర్చోవడానికి చోటు ఉండదు.

ఇలాంటి దుఃఖం గురించి అమెరికా పండితుడు కెనెత్ డోకా 1989లో వివరంగా రాశాడు. సమాజం ఒప్పుకోని దుఃఖం, బయటికి చెప్పుకునే హక్కు లేని దుఃఖం అని ఆయన దాన్ని ఒక ప్రత్యేక రకంగా గుర్తించాడు. విడిపోయిన భార్య చనిపోతే మాజీ భర్తకు కలిగేది, కడుపులోనే బిడ్డ పోతే తల్లికి కలిగేది, పెంచుకున్న కుక్క పోతే కలిగేది ఈ కోవలోకి వస్తాయి. కళాకారుడు పోయినప్పుడు అభిమానికి కలిగేది కూడా ఇదే. డోకా చెప్పిన ముఖ్యమైన మాట ఏమిటంటే, చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పుకోనంత మాత్రాన ఆ దుఃఖం తగ్గిపోదు. సాయం చేసేవాళ్లు లేక అది ఇంకా ముదురుతుంది.

అంతకుముందే, 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు టీవీ చూసేవాళ్ల మీద ఒక వ్యాసం రాశారు. తెర మీద మనిషి మనతోనే మాట్లాడుతున్నట్టు రోజూ కనిపిస్తే, అతను మనకు తెలిసినవాడే అన్న భావన కలుగుతుంది, కానీ మనం అతనికి తెలియం. ఈ ఒకవైపు పరిచయం గురించే వాళ్లు రాసింది. సినిమా హీరో చనిపోతే ఊరంతా ఎందుకు ఏడుస్తుందో దీనితో చాలావరకు తెలుస్తుంది. అవీచీ విషయంలో మాత్రం ఈ వివరణ సగం దాకానే వస్తుంది. అతను తెర మీద మనతో మాట్లాడినవాడు కాదు. సిగ్గరి. టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని, తల వంచి, మిషన్ల వైపు చూస్తూ నిలబడేవాడు. అంతకంటే ఆశ్చర్యం, అతని పేరున్న ప్రసిద్ధ పాటల్లో వినబడే గొంతు అతనిది కాదు. ‘వేక్ మీ అప్’ పాడింది ఆలో బ్లాక్. ‘హే బ్రదర్’ పాడింది డాన్ టిమిన్‌స్కీ. మరి ముఖమూ గొంతూ రెండూ లేనప్పుడు ఈ పిల్లలు దేన్ని పోగొట్టుకున్నారు?

దీనికి జవాబు కావాలంటే అతను చేసిన పని తెలియాలి. మన సినిమాల్లో సంగీత దర్శకుడు పాట పాడకపోయినా ఆ పాట ఆయనదే అంటాం కదా, ఇక్కడా అంతే. ట్యూన్ కట్టడం, దాని కింద కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పేర్చడం, ఏ వాద్యం ఎక్కడ రావాలి, ఎక్కడ ఆగాలి, గొంతు ఎవరిది కావాలి, ఇవన్నీ అతనివే. తోటి రచయితలతో కలిసీ, ఒంటరిగానూ కంప్యూటర్ ముందు కూర్చుని చేశాడు. అతను ఎక్కువగా వాడిన సాఫ్ట్‌వేర్ పేరు ఎఫ్‌ఎల్ స్టూడియో. బెల్జియం కంపెనీ తయారుచేసింది. అందులో పియానో రోల్ అని ఒక గళ్ల పేజీ ఉంటుంది. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి స్వరం. స్వరం ఎక్కడ మొదలవ్వాలో అక్కడ ఒక చిన్న గీత పెడతారు, ఎంతసేపు నిలవాలో అంత పొడవు లాగుతారు. ఈ గళ్లలో గీతలు పెట్టే పనిలో టిమ్‌కు అసాధారణమైన నేర్పు ఉండేదని అతనితో పనిచేసినవాళ్లు పదే పదే చెప్పారు.

2011 అక్టోబరులో వచ్చిన ‘లెవెల్స్’ తీసుకోండి. నిమిషానికి 126 దెబ్బలు. ఎక్కడా తడబడని కిక్ డ్రమ్, అంటే అడుగున పడే బరువైన దెబ్బ. దాని మీద ఒక్కసారి వింటే నాలుక మీద ఉండిపోయే ట్యూన్. మధ్యలో అన్నీ ఆగిపోయి ఒక ఆడగొంతు వస్తుంది. అది అమెరికా గాయని ఎట్టా జేమ్స్ 1962లో పాడిన పాటలోనిది. ఆ గొంతు తర్వాత శబ్దం కొంచెం కొంచెంగా పైకెక్కి, ఇక ఆగలేం అనిపించేచోట బేస్, కిక్, ట్యూన్ అన్నీ కలిసి దిగుతాయి. దాన్నే డ్రాప్ అంటారు. వినాయక నిమజ్జనంలో డీజే బాక్సుల ముందు నిలబడ్డ ఎవరికైనా డ్రాప్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఎదురుచూపును సాగదీసి సరైన చోట వదలడంలోనే పనితనమంతా ఉంది. ఒక్క క్షణం ముందు వదిలితే చప్పగా ఉంటుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే జనం చల్లబడతారు.

మన నల్గొండ, పాలమూరు పిల్లలకు అతను దగ్గరవడానికి ఇది ఒక కారణం అని నా నమ్మకం. ఇక్కడ మండల కేంద్రాల్లో కూడా జానపద పాటకు బీట్ కట్టి, రీమిక్స్ చేసి యూట్యూబ్‌లో పెట్టే కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది వాడేది అదే ఎఫ్‌ఎల్ స్టూడియో. బరాత్ ముందు నడిచే డీజే బండి మీద మోగే పాట వెనుక ఒక గది, ఒక పాత లాప్‌టాప్, చాలా రాత్రులు ఉంటాయి. ఈ పనికి మన దగ్గర గౌరవం తక్కువ. ‘‘బటన్ ఒత్తుడే గదా’’ అంటారు. సరిగ్గా ఇదే మాట టిమ్‌ను కూడా వెంటాడింది. స్టేజీ మీద అతను చేసే పని తక్కువే, నిజం. పాటలు ముందే తయారై ఉంటాయి, అక్కడ ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి కలుపుతాడు. అసలు కష్టం నెలల ముందు గదిలోనే అయిపోయి ఉంటుంది. (నిమజ్జనాల్లో, బరాత్‌లలో డీజే మోత మీద జనం చేసే ఫిర్యాదులు న్యాయమైనవే. గుండె జబ్బు ఉన్నవాళ్ల ఇంటి ముందు ఆ శబ్దం పెట్టడం తప్పే. కానీ శబ్దం ఎంత ఉండాలన్నది వేరే సంగతి, ఆ సంగీతం కట్టడం ఒక విద్య అన్నది వేరే సంగతి.)

రెండో కారణం కాలం. మనుషులకు పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి మిగతా వయసులకంటే ఎక్కువ గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. ఆ వయసులో విన్న పాటలు కూడా అలాగే అతుక్కుపోతాయి. అవీచీ పెద్ద పాటలు దాదాపుగా 2011 నుంచి 2015 దాకా వచ్చాయి. ఆ ఏళ్లు ఇక్కడ ఎలాంటివో గుర్తు తెచ్చుకోండి. 2011 మార్చిలో మిలియన్ మార్చ్, అదే ఏడు సెప్టెంబరులో మొదలై 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మె, 2014 జూన్ 2న రాష్ట్రం. కాలేజీలు నడిచీ నడవక, ధూంధాం సభల చుట్టూ తిరిగిన తరం అది. జియో ఇంకా రాలేదు, అది 2016 సెప్టెంబరులో వచ్చింది. పాటలు కావాలంటే మొబైల్ షాపుకు వెళ్లి మెమరీ కార్డులో ఎక్కించుకోవాలి, లేదా దోస్తు ఫోన్ నుంచి బ్లూటూత్‌లో లాగాలి. ఆ కార్డుల్లో ఉద్యమ పాటలూ, కొత్త సినిమా పాటలూ, ‘లెవెల్స్’, ‘వేక్ మీ అప్’ అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండేవి. మాటలు సగం అర్థమయ్యేవి కావు. ట్యూన్ మొత్తం అర్థమయ్యేది. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు బస్సులో వెళ్తూ ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకుని విన్నవాళ్లకు అది స్వీడన్ పాట అన్న ఆలోచనే వచ్చి ఉండదు. అది వాళ్ల ఇంటర్ పాట, వాళ్ల ఎంసెట్ పాట. ఆ ట్యూన్ కట్టినవాడు పోయాడంటే తమ పదిహేడేళ్ల వయసు మీద ఎవరో చెయ్యి వేసినట్టు అనిపిస్తుంది.

అతని జీవితం క్లుప్తంగా చెబుతాను. 1989 సెప్టెంబరు 8న స్టాక్‌హోమ్‌లో పుట్టాడు. తల్లి నటి. టీనేజీలోనే ఇంట్లో కూర్చుని రీమిక్స్‌లు చేశాడు. ఇరవై రెండేళ్లకు ‘లెవెల్స్’తో ప్రపంచమంతా తెలిసింది. 2013 మార్చిలో మయామీలోని అల్ట్రా ఫెస్టివల్‌లో బాంజో (అమెరికా పల్లెపాటల తీగవాద్యం), గిటార్ వాయించేవాళ్లను స్టేజీ మీదికి తెచ్చి ‘వేక్ మీ అప్’ వినిపిస్తే జనం బిక్కమొహం వేశారు, కొందరు అల్లరి చేశారు. కొన్ని నెలలకే ఆ పాట ఎన్నో దేశాల్లో మొదటి స్థానంలో ఉంది. పల్లె జానపదాన్నీ డాన్స్ బీట్‌నూ కలపడం అప్పుడు వాళ్లకు వింత. మన దగ్గర రీమిక్స్ చేసేవాళ్లు రోజూ చేసే పని అదే.

కొన్నేళ్లలోనే 800కు పైగా ప్రదర్శనలు ఇచ్చాడు. ఈ రంగంలో రికార్డుల మీద వచ్చే డబ్బు తక్కువ, ప్రదర్శనల మీద వచ్చేది ఎక్కువ. అందుకే ఆగే వీలుండదు. రాత్రి ఒక ఊరు, తెల్లవారుజామున విమానం, మళ్లీ రాత్రి ఇంకో ఊరు. జనం ముందు నిలబడే టెన్షన్ తగ్గించుకోవడానికి తాగడం మొదలైందని తనే చెప్పుకున్నాడు. 2012లో పాంక్రియాస్ వాచి ఆసుపత్రిలో చేరాడు. 2014లో గాల్‌బ్లాడర్, అపెండిక్స్ తీసేశారు. 2016లో ఇక ప్రదర్శనలు ఇవ్వనని అభిమానులకు ఉత్తరం రాశాడు. ఆగస్టు 28న ఇబిజా దీవిలో చివరి ప్రదర్శన. అప్పటికి అతనికి ఇంకా ఇరవై ఏడు నిండలేదు. అంత డబ్బు, అంత పేరు వదులుకుని ఆగగలిగాడు కాబట్టి ఇక బాగుపడతాడనే అందరూ అనుకున్నారు. అభిమానులను ఇప్పటికీ ఎక్కువగా బాధించేది ఇదే.

చనిపోయిన మర్నాడు స్టాక్‌హోమ్ నడిబొడ్డున ఉన్న సెర్గెల్స్ టోర్య్ అనే కూడలిలో వేలమంది గుమిగూడారు. కాసేపు మౌనం పాటించారు. తర్వాత అతని పాటలు పెట్టుకుని డాన్స్ చేశారు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పట్టణంలో డోమ్ టవర్ గంటల మీద అతని పాటల ట్యూన్లు వాయించారు. ఆ కూడలి వీడియోలు చూసి మన దగ్గర చాలామంది ‘‘చచ్చిపోతే ఎగురుడేంది?’’ అన్నారు. ఈ ప్రశ్నకు జవాబు మన ఊళ్లలోనే ఉంది.

పీర్ల పండుగ గుర్తు చేసుకోండి. క్రీ.శ. 680లో, ఇప్పటి ఇరాక్‌లోని కర్బలాలో ఇమాం హుస్సేన్ చంపబడ్డారు. ఆ మరణాన్ని తలచుకుంటూ మొహర్రం నెలలో పాలమూరులో, నల్గొండలో ఎన్నో ఊళ్లలో పీర్లు లేస్తాయి. ముస్లిం ఇల్లు ఒక్కటి కూడా లేని ఊళ్లలో సైతం పీర్ల చావిడి ఉంటుంది. దట్టీలు కడతారు, మలీదా పంచుతారు, అలాయి గుంతలో నిప్పు వేస్తారు. డప్పు మోగుతుంటే పెద్దా చిన్నా అలాయి చుట్టూ తిరుగుతూ ఆడతారు. పాడే పాటల్లో హసన్, హుస్సేన్‌ల కథ ఉంటుంది, ఏడుపు ఉంటుంది. ఆ ఆటకూ ఆ ఏడుపుకూ మధ్య ఎవరికీ ఏ తేడా కనిపించదు. వేల మైళ్ల దూరంలో, పదమూడు వందల ఏళ్ల కింద, మనకు తెలియని భాష మాట్లాడిన మనిషి కోసం మన ఊరి గొల్ల, మాదిగ, కాపు, ముస్లిం అందరూ కలిసి అడుగు వేస్తారు. ఆయన నీకేమైతడని అక్కడ ఎవరూ అడగరు.

ఈ రెండూ ఒకటే అనడం లేదు. పీర్ల పండుగ వెనుక విశ్వాసం ఉంది, మొక్కులు ఉన్నాయి, తరాలు ఉన్నాయి. అవీచీ అభిమానుల దగ్గర అవేవీ లేవు. నేను చెప్పేది ఒక్కటే. చుట్టం కాని మనిషి కోసం, చూడని మనిషి కోసం, లయకు అడుగు కలిపి దుఃఖపడటం ఈ నేలకు కొత్త కాదు. మన ఊళ్లలో శవయాత్ర ముందు డప్పు ఉంటుంది. ఆ డప్పును మాదిగల చేత వెట్టిగా కొట్టించిన చరిత్ర ఉంది, దాన్ని మరిచిపోయి ఆ సంప్రదాయాన్ని పొగడలేను. కానీ దెబ్బ శబ్దంలో దుఃఖం కూడా ఉండగలదని ఇక్కడి చెవులకు ఎప్పుడో తెలుసు. నిమిషానికి 126 దెబ్బలు పడే పాటలో మాత్రం అది ఎందుకు ఉండకూడదు?

సొంత కళాకారుణ్ణి పోగొట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో పాలమూరుకు ఈమధ్యే అనుభవం. వనపర్తి జిల్లా అమరచింతకు చెందిన గాయకుడు సాయిచంద్ 2023 జూన్ 29న గుండెపోటుతో చనిపోయారు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఉద్యమ సభల్లో ఆయన గొంతు విన్నవాళ్లు తమ ఇంటి మనిషి పోయినట్టు ఏడ్చారు. అదే ఏడు ఆగస్టు 6న గద్దర్ పోయారు, ఎల్‌బీ స్టేడియంలో ఉంచితే జనం బారులు తీరారు. ఆ అభిమానులకు వెళ్లడానికి ఒక చోటు ఉంది, చివరిచూపు ఉంది, పక్కన ఏడ్చే నలుగురు ఉన్నారు. కన్నీటి నివాళి అని ఫ్లెక్సీ కట్టుకోవచ్చు. అవీచీ అభిమానికి ఇక్కడ అవేవీ లేవు. అతనికి మిగిలింది వాట్సాప్ స్టేటస్. పెద్దవాళ్లకు అది తేలికగా కనిపిస్తుంది, అతని చేతిలో మాత్రం అదొక్కటే ఉంది.

ఇక కష్టమైన విషయం. 2018 ఏప్రిల్ 26న టిమ్ కుటుంబం ఒక ఉత్తరం విడుదల చేసింది. జీవితం, అర్థం, సంతోషం లాంటి ప్రశ్నలతో టిమ్ పెనుగులాడాడని, ఇక ముందుకు సాగలేకపోయాడని, అతనికి శాంతి కావాలనిపించిందని అందులో ఉంది. దాంతో అది ఆత్మహత్య అని లోకానికి తెలిసింది. ఎలా అన్నది ఇక్కడ రాయను, మీరూ వెతకవద్దు. 1974లో డేవిడ్ ఫిలిప్స్ అనే పరిశోధకుడు అమెరికా, బ్రిటన్ లెక్కలు తీసి, ఆత్మహత్యల వార్తలు పత్రికల మొదటి పేజీలో పెద్దగా వచ్చిన తర్వాత ఆత్మహత్యలు పెరిగాయని చూపించాడు. అందుకే పద్ధతి వివరాలు చెప్పవద్దని, మరణాన్ని త్యాగంగానో విముక్తిగానో చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకు సూచనలు ఇస్తుంది. దీనికి రెండో వైపు కూడా పరిశోధన ఉంది. చావు ఆలోచన దాకా వెళ్లి, సాయం తీసుకుని బయటపడినవాళ్ల కథలు చెబితే అవి మనుషులను కాపాడతాయి.

తెలంగాణకు ఈ విషయం పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సింది కాదు. ఉద్యమ కాలంలో ఎంతమంది పిల్లలను పోగొట్టుకున్నామో, 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఏం జరిగిందో ప్రతి జిల్లాకూ తెలుసు. కాబట్టి అవీచీ గురించి మాట్లాడేటప్పుడు ‘‘గొప్పవాళ్లు తొందరగా వెళ్లిపోతారు’’, ‘‘ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాడు’’ లాంటి క్యాప్షన్లు పెట్టకండి. ప్రేమతోనే పెడతారు, తెలుసు. కానీ అప్పటికే లోపల కుంగిపోతున్న ఒక పిల్లవాడికి అవి వేరేలా వినబడతాయి.

అభిమానులు ఎక్కువగా వాదించుకునేది ‘ఎవరు కారణం’ అన్నదాని మీద. మేనేజర్ అని కొందరు, తాగుడు అని కొందరు, కంపెనీలు అని ఇంకొందరు. విపరీతమైన పని ఒత్తిడి, అనారోగ్యం, నొప్పికి వాడిన మందులు, తాగుడు, మానసిక వేదన, ఇవన్నీ అతని జీవితంలో ఉన్నాయి. వీటిలో ఒకదాన్ని పట్టుకుని ఇదే చంపిందని అనడం మాత్రం తప్పు. ఆత్మహత్యకు ఒకే కారణం ఉండదని ఈ రంగంలో పనిచేసే డాక్టర్లు చెబుతూనే ఉంటారు. దోషి దొరికితే మనసుకు కొంత నిలకడ వస్తుంది, అందుకే వెతుకుతాం. ఇక్కడ పెళ్లిళ్ల సీజన్‌లో వరుసగా ఫంక్షన్లకు తిరుగుతూ, నిద్ర లేక, తాగి నెట్టుకొచ్చే డీజే కుర్రాళ్లను చూసినప్పుడు నాకు ఒక దోషి కంటే ఆ పని తీరే ఎక్కువ భయం కలిగిస్తుంది.

ఇలాంటి వార్త తర్వాత స్నేహితుడు ఒక్కసారిగా ముభావంగా మారితే, మాటలన్నీ చావు వైపే వెళ్తున్నాయనిపిస్తే, సూటిగా అడగండి. ‘‘చచ్చిపోవాలని అనిపిస్తుందారా?’’ అని అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం అవసరం లేదు, పరిశోధనలు అలా జరగదనే చెబుతున్నాయి. అడిగితే చాలామందికి భారం దిగుతుంది. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత సేవ ఉంది, 2022 అక్టోబరు 10న మొదలైంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పోలీసు కేసు అవుతుందని ఇళ్లలో దాచిపెట్టే భయం కూడా ఒకటి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. వైద్యం, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి వెనకాడకండి.

టిమ్ తల్లిదండ్రులు ఈ విషయాన్ని దాచలేదు. 2019లో కొడుకు పేరున ఒక ఫౌండేషన్ పెట్టి, యువతలో మానసిక ఆరోగ్యం, ఆత్మహత్యల నివారణ మీద పనిచేస్తున్నారు. తండ్రి క్లాస్ బెర్గ్‌లింగ్ స్వయంగా వేదికలెక్కి మాట్లాడతారు. స్టాక్‌హోమ్‌లో తెల్లని గోళంలా కనిపించే ఆ పెద్ద అరీనాకు 2021లో అవీచీ అరీనా అని పేరు మార్చారు.

అతను సగంలో వదిలిన పాటల సంగతి ఇంకా చిక్కు. చనిపోయేనాటికి కొత్త ఆల్బమ్ పాటలు చాలావరకు తయారై ఉన్నాయి. వాటిని తోటి రచయితలు పూర్తిచేసి 2019 జూన్ 6న ‘టిమ్’ పేరుతో విడుదల చేశారు. వచ్చిన డబ్బు ఫౌండేషన్‌కు పోతుంది. చనిపోయినవాడి పాటను వేరేవాళ్లు ముగించవచ్చా? అతను ఉండి ఉంటే ఆ డ్రాప్‌ను మార్చేవాడేమో, ఆ పాటను అసలు బయటపెట్టేవాడే కాదేమో అని వాదించే అభిమానులు ఉన్నారు. వాళ్ల మాటలో బలం ఉంది. చివరి నిమిషం దాకా మార్చే అలవాటున్న మనిషి అతను. అయినా నేను ఈ ఆల్బమ్ వైపే ఉంటాను. అతని పాటలు ఎక్కువగా నలుగురి గొంతులతో, నలుగురి చేతులతోనే పూర్తయ్యాయి. ఎవరెవరు కలిసి రాశారో ఆల్బమ్ మీద పేర్లు ఉన్నాయి. 2019 డిసెంబరు 5న స్టాక్‌హోమ్‌లో 50 వేలకు పైగా జనం ముందు జరిగిన స్మారక కచేరీలో, అతని పాటలు పాడిన గాయకులు చాలామంది వచ్చి ఒకరి తర్వాత ఒకరు పాడారు. నాకు ఇబ్బందిగా అనిపించేది అనుమతి లేకుండా బయటికి లాగిన అరకొర ముక్కలు. అతను వినిపించాలనుకోని చిత్తుప్రతులను ప్రేమ పేరుతో పంచుకోవడం సరైనది కాదు.

అభిమానులు చేసే పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇంకొకటి. ఎలక్ట్రానిక్ సంగీతానికి మాత్రమే వీలయ్యేది అది. అతని పాటను మొదటి నుంచి తిరిగి కడతారు. రీమేక్ అంటారు. ‘లెవెల్స్’ను పియానో రోల్‌లో గీత గీతగా ఎలా పేర్చాలో చూపించే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు. నేర్చుకునే కుర్రాడు అదే సాఫ్ట్‌వేర్ తెరిచి, అవే స్వరాలు, అవే గళ్లలో పెడతాడు. మొదట చప్పగా వస్తుంది. తర్వాత ఒక్కొక్కటి కనిపిస్తాయి. స్వరాల పొడవులు అన్నీ ఒకటి కావు. పైన ట్యూన్ తిరుగుతుంటే కింద కార్డ్స్ మారుతున్నాయి, అందుకే అదే ట్యూన్ ప్రతిసారీ కొత్తగా వినబడుతోంది. కిక్ పడిన ప్రతిసారీ మిగతా శబ్దం ఒక్క వెంట్రుకవాసి తగ్గి దారి ఇస్తోంది, అందుకే ఆ ఊపు. హార్మోనియం మీద వాయించి చూస్తే, బీట్ ఏమీ లేకుండానే ట్యూన్ నిలబడుతోంది.

ఇక్కడి జానపద రీమిక్స్‌లలో ఈమధ్య ఒక మార్పు గమనిస్తున్నాను. ఇదివరకు మొదటి క్షణం నుంచి చివరిదాకా బేస్ ఒకటే బాదుడు ఉండేది. ఇప్పుడు కొందరు పల్లవి దగ్గర బీట్ మొత్తం ఆపి, పాడే ఆమె గొంతును ఒంటరిగా వదిలి, ఆ తర్వాతే డ్రాప్ దింపుతున్నారు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే మిర్యాలగూడ వైపు ఇద్దరు ముగ్గురు అవీచీ పేరే చెప్పారు.